హెచ్చరిక: మీ ఆధార్ ఇప్పుడు ఎవరి కంప్యూటర్లో ఉంది?

ఈ మధ్య వన్-బీ, అడంగల్ ప్రింటు కోసం నరసరావుపేటలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాను. నాకంటే ముందు ఒక తండ్రీ కూతురూ కూర్చుని ఉన్నారు. గురజాల అవతల పల్లె నుంచి తెల్లారి బస్సుకే బయల్దేరి వచ్చారట. అమ్మాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెట్టాలి. కాగితాలన్నీ తండ్రి ఫోనులో ఉన్నాయి. "ఈ నంబరుకి వాట్సాప్ కొట్టు బాబాయ్" అన్నాడు షాపు కుర్రాడు, గోడకు అంటించిన నంబరు చూపిస్తూ. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే పంపాడు.

కుర్రాడు వాటిని వెతకడానికి కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ తెరిచాడు. నేను వెనక నిలబడి ఉన్నాను, స్క్రీను నాకూ కనిపిస్తోంది. ఆధార్‌లు, పాన్ కార్డులు, రేషన్ కార్డులు, టెన్త్ మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలు, పొలం పాసుపుస్తకాలు. ఎవరిదో ఆసుపత్రి రిపోర్టు. ఎవరిదో భూమి రిజిస్ట్రేషన్ కాగితం, వేలిముద్రలతో సహా. కుర్రాడు కిందికి జరుపుతున్నాడు, జరుపుతూనే ఉన్నాడు, అవి మాత్రం అయిపోవడం లేదు. నిరుడు పంపినవాళ్ళవీ ఉన్నాయి, అంతకు ముందటివీ ఉన్నాయి.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. పెద్దాయనకి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, అమ్మాయి ఆప్షన్ల వరస తప్పు పెడుతుంటే ఆపి సరిచేయించాడు. కానీ షట్టరు దించాక ఆ కంప్యూటరు ముందు ఎవరు కూర్చుంటారో, రిపేరుకిచ్చినప్పుడు అందులోంచి ఎవరు ఏం తీసుకుంటారో, పాతదైపోతే అది ఎవరి చేతికి పోతుందో ఆ కుర్రాడికీ తెలియదు. ఆ గదిలో ఊళ్ళకు ఊళ్ళే ఉన్నాయి, ఒక్క దానికీ తాళం లేదు.

అందుకే ఈ హెచ్చరిక. అడ్మిషన్లు, పంట రుణాలు, పథకాల దరఖాస్తులు అన్నీ ఒక్కసారే మీదపడే రోజుల్లో పల్నాడు కాగితాలన్నీ ఫోన్లలోంచి పరాయి కంప్యూటర్లలోకి వెళ్ళిపోతాయి. మన ఇళ్ళల్లో దస్తావేజు ఎక్కడ పెడతాం? బీరువా లోపలి అరలో, పట్టుచీరల మడత కింద. తాళంచెవి ఇంటి పెద్ద దగ్గర. కన్నకొడుకు అడిగినా ఎందుకని అడిగే ఇస్తారు. అదే దస్తావేజు ఫొటోను ముక్కూ మొహం తెలియని నంబరుకి అర నిమిషంలో పంపేస్తున్నాం, పని అయ్యాక తీసేశారా అని కూడా అడగడం లేదు.

దీనివల్ల ఏమవుతుందని అడిగేవాళ్ళకి మన రాష్ట్రంలోనే జరిగినవి చెబుతాను. 2017 మే 1న బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఆధార్ నంబర్లు బాహాటంగా కనిపిస్తున్నాయని, వాటి సంఖ్య 13 కోట్ల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ కూలి చెల్లింపులు. అంటే ఎండలో మట్టి తవ్విన కూలీ వివరాలు, కుటుంబ పెద్ద పోయి బీమా కోసం ఎదురుచూసిన ఇంటి వివరాలు. మరుసటి ఏడు, 2018 ఏప్రిల్‌లో, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలతో కలిపి బయటపడ్డాయి. బయటపెట్టింది శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు. ఆ జూన్‌లోనే అన్న సంజీవని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో, వారి ఫోన్ నంబరుతో సహా ఎవరైనా చూడగలిగేలా ఉందని తేలింది. ఫలానావాడు ఫలానా జబ్బుకి మందు వాడుతున్నాడన్న సంగతి ఇంట్లో వాళ్ళకే చెప్పుకోని ఊళ్ళు మనవి. 2023 జూన్‌లో కోవిడ్ టీకా వివరాల వంతు వచ్చింది. టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కొడితే చాలు, పేరు, గుర్తింపు కార్డు నంబరు, టీకా వేయించుకున్న చోటు అన్నీ వచ్చేశాయి.

సర్కారు చేతిలోంచి జారిపోయినవి మన తప్పు కాదు. ఆ మాట గట్టిగానే అనాలి, అడగాలి కూడా. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఒకే మాటగా చెప్పింది. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లావాడైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం చేసింది. కానీ ఆ తీర్పూ ఆ చట్టమూ మాచర్లలో నెట్ సెంటర్ కంప్యూటర్ దగ్గర కూర్చుని మీ ఫైలు చెరిపెయ్యవు. పోయింది పోగా మిగిలిందైనా మన చేతుల్లో ఉంది.

వేలిముద్ర సంగతి ఇంకా ఘోరం. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి పోలీసులకు దొరికాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలో వాటికి నకళ్ళు చేసి, ఎవరెవరి పేరు మీదో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. టార్గెట్ అందుకోవడానికి చేశాడట. అదే నకలు వేలితో ఆధార్ చెల్లింపుల మిషన్ మీద డబ్బు తీసిన ముఠాలు ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల పట్టుబడ్డాయి. ఆ దొంగతనానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. బొటనవేలు మార్చుకోలేం కదా.

దీనికి మందు ఉంది, చాలామందికి తెలియదంతే. ఆధార్ సంస్థ యాప్‌లోకి వెళ్ళి బయోమెట్రిక్‌కి లాక్ వేసుకోవచ్చు. తాళం వేశాక మీ వేలిముద్రతో ఎవరూ ఏమీ చేయలేరు, మీరు కూడా చేయలేరు. రేషన్ షాపులోనో, పింఛను దగ్గరో వేలు పెట్టాల్సివస్తే తాత్కాలికంగా తెరుచుకుంటే పది నిమిషాల తర్వాత దానంతటదే మళ్ళీ మూతపడుతుంది. వేలిముద్ర మీదే బతుకు నడిచే ముసలివాళ్ళకి ఇది కాస్త ఇబ్బందే, కాదనను. వాళ్ళకి ఇంట్లో చదువుకున్న పిల్లలు ఆ పని చేసిపెట్టాలి. ఆధార్ ఎక్కడైనా ఇవ్వాల్సివస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇక లోన్ యాప్‌లు. మిర్చి ధర పడిపోయిన ఏడు మన దగ్గర చేతిలో డబ్బు ఆడదు. కౌలు కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. షావుకారు దగ్గర చులకన అవడం ఇష్టంలేక కుర్రాళ్ళు ఫోనులో అప్పు వెతుకుతారు. అయిదు వేలు అయిదు నిమిషాల్లో అంటాడు యాప్ వాడు. యాప్ ఎక్కించగానే కాంటాక్టులు చూడనివ్వమంటుంది, ఫొటోలు చూడనివ్వమంటుంది. తొందరలో ఉన్నవాడు 'అనుమతించు' మీద వేలు పెట్టేస్తాడు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు దాడులు చేసి ఈ యాప్‌ల వెనకున్న కాల్ సెంటర్లను పట్టుకునేసరికే కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఒక జంట పసిపిల్లలను వదిలేసి చనిపోయింది. వీళ్ళను చంపింది అప్పు మొత్తం కాదు. ఫొటోను మార్ఫింగ్ చేసి బంధువులకూ స్నేహితులకూ పంపుతామన్న బెదిరింపు.

ఇక్కడ ఒక్కమాట నిదానంగా ఆలోచించండి. అప్పు తీసుకున్నది ఒకడు. ఆ ఫోనులో మూడువందల నంబర్లున్నాయి: అక్క, బావ, వియ్యంకుడు, స్కూలు మాస్టారు, పొలం పక్క రైతు. వీళ్ళెవరూ ఏ యాప్‌నీ అనుమతించలేదు. వాళ్ళ తరఫున మనం అనుమతించేశాం. ఫోను మనదే, అందులో ఉన్నది మాత్రం మన ఒక్కరిదే కాదు. నాకేముంది దాచుకోవడానికి అనేవాళ్ళు మన ఊళ్ళో చాలామంది. మీకు లేకపోవచ్చు. మీ ఫోనులో ఉన్న మీ చెల్లెలికి ఉండొచ్చు. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు పెద్దలు. ఇప్పుడు ఒక ఇంట్లోంచి పోతే వీధి గుట్టంతా పోతోంది.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో రూలు పెట్టింది: అప్పిచ్చే యాప్ కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోల జోలికి పోకూడదని. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా ప్లేస్టోర్‌లోని లోన్ యాప్‌లకు అదే నిషేధం పెట్టింది. కాబట్టి కాంటాక్టులు అడిగిందంటే అది దొంగ యాప్. వేరే పరీక్ష అక్కర్లేదు. అందుకే ఇప్పుడు దొంగలు ప్లేస్టోర్ వైపు రావడం మానేసి వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నేరుగా ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, పంపుతున్నారు. పీఎం కిసాన్ పేరుతో ఒకటి, ఆర్టీవో చలానా పేరుతో ఒకటి, బ్యాంకు కేవైసీ పేరుతో ఒకటి, చివరికి పెళ్ళి శుభలేఖ పేరుతో కూడా. తెలిసినవాళ్ళ నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఫోను అప్పటికే దొంగల చేతిలో పడింది. నొక్కి ఎక్కించుకుంటే మీ మెసేజ్‌లు వాడి చేతికి వెళ్తాయి. ఓటీపీ మీ ఫోనుకి వస్తుంది, చదివేది మాత్రం వాడు. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే ఎవరు పంపినా తెరవకండి. సొంత తమ్ముడు పంపినా ఫోన్ చేసి అడగండి. సెట్టింగ్స్‌లో తెలియని చోటు నుంచి యాప్‌లు ఎక్కించే అనుమతి వాట్సాప్‌కి, బ్రౌజర్‌కి ఉందేమో చూసి ఇప్పుడే తీసేయండి.

ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకి వచ్చాయి. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' నంబరు 95523 00009. దాన్ని మీ చేత్తో మీరే సేవ్ చేసుకోండి. ఇంకే నంబరు నుంచైనా మన మిత్ర అని మెసేజ్ వస్తే నమ్మొద్దు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మాత్రం పెళ్ళి సంబంధాల గ్రూపులు. ప్రతి కులానికీ పది గ్రూపులు. వినుకొండలో తయారైన బయోడేటా సాయంత్రానికి హైదరాబాద్‌లో ఉంటుంది, రాత్రికి డాలస్‌లో ఉంటుంది. అందులో అమ్మాయి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన సమయం, నక్షత్రం, గోత్రం, ఎత్తు, రంగు, చదివిన కాలేజీ, పనిచేసే కంపెనీ, జీతం, తండ్రి పేరు, తండ్రి ఫోను, ఇంటి నంబరు, ఎన్ని ఎకరాలు, ఇచ్చే కట్నం, కింద మూడు ఫొటోలు. బ్యాంకువాడు ఫోన్‌లో అడిగే ప్రశ్నలన్నిటికీ అందులో జవాబుంది. పుట్టిన తేదీయే పిన్ నంబరుగా పెట్టుకున్న ఇళ్ళు ఎన్ని లేవు? అమ్మాయికి పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ బడికి పోతున్నా ఆ బయోడేటా ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ ఫొటోతో దొంగ ఖాతా తెరిచినా, దాన్ని ఇంకోలా మార్చినా అడ్డుకునేవాళ్ళు లేరు.

సంబంధాలు చూడొద్దని నేననను, చూడకపోతే పెళ్ళిళ్ళెలా అవుతాయి? కానీ మొదటి కాగితంలో చదువు, వయసు, ఊరు, ఒక పెద్దమనిషి నంబరు చాలు. అవతలివాళ్ళు ఎవరో తెలిసి, మధ్యవర్తి మాట కుదిరాక మిగతావి. ఫొటో ఇంటికి వచ్చినప్పుడు చూపిస్తే తప్పేం లేదు. మన అమ్మమ్మల కాలంలో అలాగే జరిగింది. తప్పనిసరై పంపితే వాట్సాప్‌లో 'ఒక్కసారే చూడగలిగేలా' పంపండి. అవతలివాడు ఇంకో ఫోనుతో ఫొటో తీసుకుంటే అదీ ఆగదు, కానీ అడ్డదిడ్డంగా ఫార్వర్డ్ కాకుండా ఉంటుంది.

ఊరి గ్రూపులు, పార్టీ గ్రూపులు, కాలేజీ గ్రూపులు, పొదుపు సంఘం గ్రూపులు కూడా అంతే. గ్రూపులో చేరితే మీ నంబరు అందులో ఉన్న వందల మందికీ చేరినట్టే. పార్టీల వేడి మన పల్నాడులో ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. 2024 ఎన్నికల రోజుల్లో ఫోన్లు ఎలా కాలాయో అందరం చూశాం. ఒక గ్రూపులో కోపంగా అన్న మాట స్క్రీన్‌షాట్ అయి ఇంకో గ్రూపులో మీ పేరు, మీ వీధి పేరుతో సహా తేలుతుంది. మాట్లాడొద్దని కాదు. అడగకుండా ఎవరైనా మిమ్మల్ని గ్రూపులోకి లాగే వీల్లేకుండా వాట్సాప్‌లో 2019 నుంచీ సెట్టింగ్ ఉంది. ప్రైవసీలోకి వెళ్ళి, గ్రూపుల దగ్గర 'నా కాంటాక్టులు మాత్రమే' అని పెట్టండి. ఆడపిల్లలున్న ఇళ్ళల్లో ఇది ఈ రోజే జరగాలి. ప్రొఫైల్ ఫొటోకీ ఇదే మాట. కోటప్పకొండ తిరునాళ్ళకి ఇంటిల్లిపాదీ వెళ్ళి ప్రభల దగ్గర నుంచి లైవ్ పెట్టే అలవాటు కూడా మానుకోవాలి. ఇంటికి తాళం ఉందని ఊరంతటికీ మనమే చాటింపు వేసుకుంటున్నాం. ఫొటోలు ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

బ్రౌజర్ గురించి ఎవరూ ఆలోచించరు. ఫోనులో ఏది ఉంటే అదే. కొన్నేళ్ళ క్రితం మన దగ్గర చాలా ఫోన్లలో యూసీ బ్రౌజర్ ఉండేది. అది వాడేవాళ్ళ సమాచారం బయటికి పొక్కుతోందని టొరంటోలోని సిటిజెన్ ల్యాబ్ 2015లోనే చూపించింది. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. ఇప్పుడు ఎక్కడ చూసినా క్రోమ్. క్రోమ్ మీ ఫోనుకి ఏ హానీ చేయదు కానీ, దాని యజమాని గూగుల్‌కి బతుకుతెరువు ప్రకటనలే. కొత్త కోడలు పిల్లలు ఎందుకు కలగడం లేదని రహస్యంగా వెతుక్కుంటుంది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. తెల్లారి అత్తగారు పాటలు పెట్టుకోబోతే సంతాన సాఫల్య కేంద్రం ప్రకటన తెర మీద నిలబడుతుంది. నోరు విప్పకుండానే ఆ పిల్ల గుట్టు బయటపడిపోయింది.

ఫైర్‌ఫాక్స్ తెలుగులోనే దొరుకుతుంది. లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. ఒక సైటు మిమ్మల్ని ఇంకో సైటుకి వెంబడించకుండా అడ్డుకోవడం దాని సొంత పద్ధతి. యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపు కలిపితే ప్రకటనలు చాలావరకు పోతాయి, డేటా ఖర్చు కూడా తగ్గుతుంది. క్రోమ్‌లో ఉండే ఇన్‌కాగ్నిటో మీద మాత్రం అతినమ్మకం వద్దు. అది మీ ఫోనులో జాడ ఉంచదు, అంతే. మీరెక్కడికి వెళ్ళారో సైటుకి తెలుసు, నెట్ ఇచ్చే కంపెనీకి తెలుసు. ఆ విషయం మీదే అమెరికాలో 2020లో గూగుల్‌పై కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, అలా పోగైన రికార్డులు వందల కోట్లు చెరిపేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. అయితే నెట్ సెంటర్‌లో తప్పనిసరిగా ఏదైనా తెరవాల్సివస్తే ఇన్‌కాగ్నిటోయే నయం. మూసేయగానే మీ లాగిన్ పోతుంది. దించుకున్న ఫైలు మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని చేత్తో తీసేయాలి. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. మీ వాట్సాప్‌ని అక్కడి కంప్యూటర్లో తెరిచి ఉంటే ఫోనులో లింక్డ్ డివైజెస్ చూడండి. ఎప్పుడో మర్చిపోయిన కంప్యూటరు ఇంకా మీ మెసేజ్‌లు చదువుతూ ఉండొచ్చు. నేనూ ఒకసారి ఒక షాపులో నా జీమెయిల్ అలాగే వదిలేసి వచ్చాను. పది రోజుల తర్వాత ఎవరో దాన్లోంచి నా పేరుతో మెయిల్ పంపితే గాని తెలియలేదు. ఆ పది రోజుల్లో వాళ్ళు ఏమేం చదివారో నాకు ఈ రోజుకీ తెలియదు.

పాత సిమ్ సంగతి కూడా తెలుసుకోవాలి. రీచార్జి చేయక వదిలేసిన నంబరు కొన్నాళ్ళకి ఆగిపోతుంది. ఆగిన 90 రోజుల తర్వాత కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఆ నంబరు మీ బ్యాంకుకీ ఆధార్‌కీ కట్టి ఉంటే మీ ఓటీపీలు వాళ్ళకి వెళ్తాయి. నంబరు మారిస్తే ముందు బ్యాంకు, తర్వాత ఆధార్, ఆ తర్వాతే సిమ్ పారేయడం. మీ పేరు మీద మీకు తెలియని సిమ్‌లున్నాయేమో సంచార్ సాథీ పోర్టల్‌లో చూడొచ్చు. 2021లో ఆ సౌకర్యం మొదలైంది మన తెలుగు రాష్ట్రాల్లోనే. ఫోను రిపేరుకిస్తే లాక్ నంబరు రాసిచ్చే అలవాటు మానండి. అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రేపు పొద్దున కాదు, పెద్దమనుషుల్ని అడిగి కాదు. తొలి గంటలో చెబితే డబ్బు ఖాతాలోనే ఆపే వీలుంటుంది. ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు, ఇస్తే మళ్ళీ అడుగుతారు. మెసేజ్‌లు చెరపకుండా ఉంచి పోలీసులకి చెప్పండి. ఆ ఫొటో నెట్‌లో పాకకుండా స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు సాయం చేస్తుంది, దానికి ఫొటో పంపక్కర్లేదు, దాని డిజిటల్ గుర్తు మీ ఫోనులోనే తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వాళ్ళకి వెళ్తుంది. ఇంట్లో వాళ్ళకి ఒక్క మాట. పిల్ల వచ్చి చెప్పినప్పుడు ఎందుకు పంపావని మొదటి మాటగా అడగొద్దు. ఆ భయంతోనే చాలామంది చెప్పడం లేదు, ఆ భయం మీదే దొంగ బతుకుతున్నాడు.

ఆ రోజు నెట్ సెంటర్‌లో అమ్మాయి ఆప్షన్లు పూర్తయ్యాక నేను తండ్రితో చెప్పాను, మీ కాగితాలు తీసేయమనండి అని. ఆయన మొహమాటపడ్డాడు. అమ్మాయే అడిగింది. కుర్రాడు ఏమీ అనుకోలేదు. వాళ్ళ ఫైళ్ళు ఏరి చెరిపేశాడు, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు, షాపు వాట్సాప్‌లోంచి ఆ చాట్ తీసేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పెద్దాయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఇంతకుముందు కూడా పంపాను బాబూ, వేరే షాపులకి" అని ఫోను తీసి వాట్సాప్‌లో పాత నంబర్లు వెతకడం మొదలుపెట్టాడు. కూతురు పక్కన వంగి చూస్తోంది. మూడు నంబర్లు తేలాయి. ఒకటి మాచర్లది, ఒకటి పిడుగురాళ్ళది. మూడోది ఎక్కడిదో ఆయనకి గుర్తు రాలేదు.